షారోన్ గీసిన గీతకు వట్టిపోయిన ఆవులు

మదనపల్లెలో కుర్చీ మీద నుంచి లేవకుండా, ఒకే ఒక్క గీత గీసి, పుంగనూరు నుంచి కుప్పం దాకా ఉన్న ఆవులన్నిటినీ వట్టిపోయేలా చేసిన మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆమె పేరు షారోన్. గీత గీసింది పొద్దున. సాయంత్రానికల్లా దూడలు తల్లుల పొదుగులు వదిలేసి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాయి. కుప్పం అడవిలోని ఏనుగులు కూడా పిల్లలకు పాలు చాలడం లేదని గుంపుగా వచ్చి డెయిరీ గేటు దగ్గర బైఠాయించాయని జనం అంటారు. జనం అంటే నేనే. అయినా అంటారు.

నమ్మనివాళ్ళు నమ్మకపోండి. పాల బండి తోలేది నేను, మీరు కాదు. కుప్పం పక్క ఊళ్ళలో పాల క్యాన్లు ఎత్తుకుని, వి.కోట, పలమనేరు మీదుగా వచ్చి, పుంగనూరులో మా పచ్చకొండ డెయిరీ వారి చిల్లింగ్ సెంటరులో దించి, అక్కడి నుంచి మదనపల్లె ఆఫీసు గుమ్మం తొక్కేది ఈ మురళినే. డిగ్రీ చదువు నా తెలివికి ఇరుకైపోయి రెండో యేట నేనే దాన్ని వదిలేశాను. అది ఇప్పటికీ నా కోసం ఏడుస్తూనే ఉంటుంది.

షారోన్ సంగతికొస్తే, ఆమెది మిషన్ ఆసుపత్రి వెనక వీధి. తల్లి కృపావతమ్మ ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. పారేసిన ఇసిజి కాగితాలు ఆమె ఇంటికి తెస్తే, వాటి వెనక లెక్కలు చేసుకుంటూ షారోన్ పెరిగింది. ఒకవైపు ఎవరిదో గుండె, ఇంకోవైపు ఈమె కూడికలు. బహుశా అందుకే ఆమె గుండె కొట్టుకోదు, లెక్కపెడుతుంది.

కోపం మాత్రం లెక్కకు అందదు. చర్చిలో క్వయిర్ వాళ్ళు శ్రుతి తప్పితే పాట మధ్యలోనే తిరిగి చూస్తుంది. ఒక క్రిస్మస్ నాడు ఆ చూపుకు ముందు వరస కొవ్వొత్తులు ఆరిపోయాయి. ఇంకోసారి టమోటా మార్కెట్టుకు పోయే లారీ ఒకటి వాళ్ళ వీధిలో అడ్డంగా నిలబడితే బయటికొచ్చి మొదలుపెట్టింది. పచ్చికాయలతో వచ్చిన లారీ, ఆమె తిట్లు ముగిసేసరికి ఎర్రటి పండ్లతో కదిలింది. డ్రైవరు ఆమెకు దండం పెట్టి పోయాడు, కాయలు మాగబెట్టే ఖర్చు మిగిలిందని.

ఆమె పని డెయిరీకి ప్రోగ్రాములు రాయడం. పుంగనూరు సెంటరులో పాత కంప్యూటరొకటి ఉంది. వాన పడితే అక్కడ నెట్ పోతుంది, ఎండ కాస్తే మనుషులు పోతారు. అందుకని నెట్‌తో పనిలేకుండా ఆ కంప్యూటరులోనే తెరుచుకునే ప్రోగ్రాం రాసింది. ఏ ఊరి పాలలో ఫ్యాట్ ఎంత ఉందో అందులో కొడతారు. ఫ్యాట్ అంటే పాలలో ఉండే వెన్న శాతం. మా వాళ్ళు పాలను చూసి మాట్లాడరు, ఫ్యాట్‌ను చూసి మాట్లాడతారు. అంకెలు కొట్టాక కింద బటన్ నొక్కితే ఇంకో విండో తెరుచుకుంటుంది. అందులో ఊరికొక గీత. గీత లేచిందా, పాలు చిక్కన. దిగిందా, పలచన. చూడ్డానికి ఇంతే. దాని వెనక ఆమె రాసిన కోడ్ మాత్రం నేను బండి తోలే ఘాటు రోడ్డంత మెలికలు తిరిగి ఉంటుంది.

మొదటిసారి ఆ విండో తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. సెంటరులో పాలు పరీక్ష చేసే రెడ్డెప్ప కూడా ఉన్నాడు. గుర్రంకొండ మనిషి, అంత పొడవు మనిషిని ఆ ఊరి కోట మీద నిలబెడితే జెండా అక్కర్లేదు. ఆయన తెర వైపు వంగి చూసి, తల పక్కకు వంచి మళ్ళీ చూశాడు.

"ఏమ్మా షారోనూ, ఈ గ్రాఫు శీర్షాసనం యాల ఏసుకోని ఉండాది?"

నిజమే. చిక్కటి పాల ఊళ్ళు అడుగున ఉన్నాయి, పలచటివి నెత్తికెక్కాయి. మనుషులం సున్నా నుంచి పైకి లెక్కపెడతాం కదా. కంప్యూటరుకు సున్నా తెర పై మూలలో ఉంటుందట. బావిలో దిగినట్టు కిందికి పోయేకొద్దీ దాని అంకె పెరుగుతుందట. ఆ సంగతి తెలిసి కూడా షారోన్ ఆ రోజు మరిచిపోయింది.

"నువ్వు తలకిందులుగా నిలబడి సూడు రెడ్డెప్పన్నా, సరిగ్గా కనపడతాది," అంది.

"నిలబడేవాన్నే తల్లీ. పంచె కట్టుకోని ఉండాను."

షారోన్ నవ్వలేదు. కోడ్‌లో ఒకచోట విండో ఎత్తులోంచి అంకెను తీసివేసేలా మార్చింది. గ్రాఫు లేచి కాళ్ళ మీద నిలబడింది. అడుగున సున్నా, పక్కన నిలువుగా అంకెలు, ఏ ఎత్తుకు ఎంత ఫ్యాటో స్పష్టంగా. ఊళ్ళ గీతలన్నీ అంకె నాలుగు చుట్టుపక్కల, ఎండలో ఆరేసిన దారాల్లా సమంగా సాగిపోయాయి. ఆవు పాలంటే అంతే కదా. ఆవులు సర్కసులో పనిచేయవు.

ఆ సమం చూసి మంట పుట్టింది ఒక్కరికే. పాల సేకరణ మేనేజరు సురేంద్రకు. కుప్పంలో ఏజెంట్ల మీటింగు పెట్టబోతున్నాడు. ఏజెంట్లంటే తమ ఊళ్ళో ఇంటింటి పాలు పోగుచేసి మా బండికి ఎత్తేవాళ్ళు. వాళ్ళ ముందు, డెయిరీ పెద్దల ముందు, పెద్ద టీవీలో ఈ గ్రాఫులు వేసి తను ఏలుబడి చేస్తున్నట్టు చూపించుకోవాలి. మదనపల్లె ఆఫీసులో షారోన్ కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను బిల్లుల కట్ట ఇవ్వడానికి వచ్చి, పంచాయతీ వాసన తగలగానే గోడకు ఆనుకుని సెటిలయ్యాను.

"ఏం గ్రాఫులమ్మా ఇవి? అన్ని ఊర్లూ పండుకోని ఉండాయి. ఆసుపత్రిలో సచ్చినోడి ఇసిజి మాదిరి. ఇది యాడ సూపించేది నేను?"

"పాలు సమంగా వస్తాండాయి సార్, గీత సమంగా ఉండాది. నేనేం సేసేది? గీతను పట్టుకోని ఊపేదా?"

"ఊపు. ఎగిరే మాదిరి చెయ్. ఇంగ ఆ పక్కన అంకెలు యాల? సూస్తే తలనొప్పి. తీసెయ్."

"అంకెలు తీసేస్తే ఎంత ఎగిరిందో ఎట్ట తెలిసేది సార్? వెంట్రుకంత ఎగిరినా, తాటిచెట్టంత ఎగిరినా ఒకటే మాదిరి ఉంటాది."

"తెలుస్తాదిలేమ్మా. నువ్వు గీసేదానివి, గీయి. అర్థం చేసుకునేది మా పని."

ఆ మాటకు నాకే ఒళ్ళు మండింది. అర్థం చేసుకునే మొహం చూడు! షారోన్ ఇంకో రెండు మాటలు అంది, అతను ఇంకో నాలుగు అన్నాడు. మీ ఇష్టమొచ్చినట్టు చావండి అన్నట్టు ఆమె కీబోర్డు మీద పడింది. ఎంత గట్టిగా కొట్టిందంటే, ఒక మీట ఊడి కిటికీలోంచి ఎగిరి పక్క హోటలు సాంబారు గిన్నెలో పడింది. ఆ రోజు సాంబారు తిన్నవాళ్ళకు ఇప్పటికీ ఇంగ్లీషు బాగా వస్తుంది.

మార్చింది కొంచెమే. ఇంతకు ముందు విండో అడుగు సున్నా. ఇప్పుడు ఏ ఊరికి ఆ ఊరి అతి తక్కువ ఫ్యాటే అడుగు, అతి ఎక్కువ ఫ్యాటే కప్పు. మధ్యలో ఉన్న ఆ కాస్త తేడాను లాగి విండో అంతా పరిచేసింది. పక్కన అంకెలు తుడిచేసింది. గీతలు మేకపిల్లల్లా గంతులేశాయి. సురేంద్ర చప్పట్లు కొట్టాడు. షారోన్ ఆ ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసి అతని వైపు చూడకుండా బల్ల మీద పడేసింది. దరిద్రం వదిలిందనుకుంది. వదల్లేదు. నా బండికన్నా ముందే కుప్పం పోయి కూర్చుంది.

కుప్పం దగ్గర గుట్టల కింద ఎర్రమిట్టపల్లె అని ఊరు. అక్కడ మా ఏజెంటు కమలాక్షి. ఆమె ఇంటి అరుగే పాల కేంద్రం. తెల్లారేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా చెంబులతో అక్కడ చేరతారు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ ఆ అరుగు మీదే తేలతాయి. కమలాక్షికి కోపం కొంచెమైతే తెలుగులో తిడుతుంది, ఎక్కువైతే తమిళంలో, హద్దు దాటితే కన్నడంలో. పొలిమేర ఊరు మరి. మూడు రాష్ట్రాల తిట్లు ఒకే ఇంట్లో దొరుకుతాయి.

ఆ నెల గుట్టల మీద అందరికన్నా ముందు వాన పడింది వాళ్ళ ఊరికే. ఎండిన వేరుశనగ కట్టె నమిలి విసిగిన ఆవులు లేత పచ్చిగడ్డి మీద పడ్డాయి. పచ్చి మేస్తే పాలు పెరుగుతాయి, ఫ్యాట్ కాస్త తగ్గుతుంది. నాలుగుంబావు దరిదాపుల్లో ఉన్నది జారి జారి నాలుగుకు వచ్చింది. ప్రతి యేడూ అంతే. మా రెడ్డెప్పను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కాని టీవీ ముందు కూర్చున్నవాళ్ళు రెడ్డెప్పను అడగరు.

కుప్పంలో కల్యాణ మండపం హాలు. ఏజెంట్లంతా కుర్చీల్లో. గోడకు టీవీ. నేను వెనక తలుపు దగ్గర. మిగతా ఊళ్ళ గీతలు ఎగురుతూ దిగుతూ పోతున్నాయి. ఎర్రమిట్టపల్లె గీత వచ్చింది. ఆ చివర ఆకాశంలో మొదలైంది, ఈ చివర నేలకు తగిలి ఆగింది. మధ్యలో ఎక్కడా ఊపిరి పీల్చుకోలేదు.

హాలంతా "అబ్బా" అంది.

"ఏంది కమలాక్షమ్మా ఇది?" అన్నాడు సురేంద్ర. "కొండ మీద నుంచి బండ దొర్లినట్టు దొర్లింది నీ గీత. దినానికి ఎన్ని బిందెలు కలపతాండావు?"

కమలాక్షి లేచి నిలబడింది. "ఏంది కలిపేది?"

"నీళ్ళు."

"లాక్టోమీటరు సూసినారా సార్? రెడ్డెప్ప దినామూ ముంచి సూస్తాండాడు గదా. నా పాలల్లో ఒక్క పొద్దన్నా అది మునిగిందా, అడగండి."

లాక్టోమీటరంటే పాలలో తేలే గాజు గొట్టం. నీళ్ళు కలిస్తే కిందికి మునుగుతుంది. దానికి జీతం లేదు, ప్రమోషన్ లేదు, కాబట్టి అబద్ధం చెప్పదు.

సురేంద్ర టీవీ వైపు చెయ్యి చూపించాడు. "అది గాజు గొట్టమమ్మా. ఇది కంప్యూటరు."

కొందరు నవ్వారు. చెబితే మండుతుంది నాకు. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది పాలలో లాక్టోమీటరు ఈత నేర్చుకుంటుంది. వాళ్ళు నవ్వారు! కమలాక్షి తెలుగులో మొదలుపెట్టి తమిళం మీదుగా కన్నడం చేరేలోపు మైకు పెద్దది చేసి సురేంద్ర తేల్చేశాడు. రేపు పొద్దున ఎర్రమిట్టపల్లెలో క్యాన్లు బోర్లించాలి.

ఇది మా డెయిరీ ఆచారం. పాల కేంద్రం మూసేస్తే నోటీసు అంటించరు. ఖాళీ క్యాన్లను మూతలు తీసి, నోళ్ళు కిందికి పెట్టి, ఆ ఇంటి అరుగు మీద వరసగా బోర్లిస్తారు. ఊరంతా వచ్చి చూసిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరూ చెంబు తీసుకుని రారు. ఇంకో డెయిరీ కూడా గడప తొక్కదు. ఇంటి మీద పాలల్లో నీళ్ళు కలిపిన పేరు నిలిచిపోతుంది. ఆ బోర్లించే చెయ్యి బండి డ్రైవరుది. అంటే నాది.

నేను టీవీ ఫోటో ఒకటి ఫోనులో తీసుకుని బండెక్కాను. ఆ సాయంత్రం మదనపల్లెలో షారోన్ ఇంటికే పోయాను. కృపావతమ్మ టీ ఇచ్చారు. ఫోను షారోన్ చేతిలో పెట్టాను.

"ఈ గీత ఎవురిది?" అంది.

"గీసింది నువ్వేనక్కా. పడింది మాత్రం కమలాక్షమ్మ నెత్తిన. రేపు క్యాన్లు బోర్లిస్తారు."

కృపావతమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"దీంట్లో గడి యాడుండాది పాపా?"

"ఏం గడిమా?"

"ఇసిజి కాగితంలో గుండె గీతకు ముందర ఒక గడి కొట్టింటాది గదా, ఇంత ఎత్తు అంటే ఇంత అని. దాని ఎనకే గదా నువ్వు లెక్కలు చేసుకునింది. గడి లేని కాగితం నేను డాక్టరు చేతికిచ్చింటే నా మొగాన ఇసిరికొట్టేవాడు. నువ్వు ఎట్టిచ్చినావు?"

ఆమె తిట్టలేదు. అడిగారంతే. షారోన్ మొహం చూసి నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అంతవరకూ ఆమె కోపం బయటికి పోవడమే చూశాను. అది వెనక్కి తిరిగి ఆమె మీదికే రావడం ఆ సాయంత్రమే చూశాను. ఆ వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

"పొద్దున ఎన్ని గంటలకు బండి కదిలేది?" అంది.

తెల్లవారకముందే లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పుంగనూరులో రెడ్డెప్పను నిద్ర కళ్ళతోనే ఎక్కించాం. "లాక్టోమీటరు పట్టుకోన్నా," అంటే ఆయన దాన్ని గుడ్డలో చుట్టి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వి.కోట దాటాక రోడ్డు మీద ఏనుగుల గుంపు అడ్డంగా ఉంది. పెద్ద ఏనుగు బండిలోకి తొంగి చూసి, షారోన్ మొహం చూసి, పిల్లల్ని తొండంతో పక్కకు నెట్టి, మాకు దారిచ్చింది. రెడ్డెప్ప ఇది చూడలేదంటాడు. ఆయన అప్పుడు నిద్రపోతున్నాడు.

మేము చేరేసరికి కమలాక్షి అరుగు ముందు ఊరంతా ఉంది. సురేంద్ర బైకు ఆనుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ చేతుల్లో చెంబులు నిండుగా ఉన్నాయి. పోయాలా వద్దా తెలియక అలాగే పట్టుకుని ఉన్నారు. కమలాక్షి వాకిట్లో, కొంగు నడుముకు బిగించి, ఎవరివైపూ చూడకుండా నిలబడింది.

"క్యాన్లు దించు మురళీ. బోర్లించు," అన్నాడు సురేంద్ర.

"నడుం పట్టేసింది సార్," అన్నాను. నా నడుము డెయిరీ మొత్తంలోకీ గట్టి నడుము. లారీ టైరును ఒంటి చేత్తో ఎత్తిన నడుము. ఆ పొద్దు మాత్రం పట్టేసింది.

అతను పళ్ళు కొరికి తనే ఎక్కాడు. తనే దించాడు. ఒక్కొక్కటీ అరుగు మీద బోర్లించాడు. ప్రతి క్యానూ రాతి మీద ఠంగుమంది. ఆ చప్పుడుకు ఒక ముసలమ్మ చెంబు మీద చెయ్యి మూతలా పెట్టుకుంది. కమలాక్షి కళ్ళు మూసుకుంది.

షారోన్ బండి దిగింది. నేరుగా అరుగు దగ్గరికి పోయి, బోర్లించిన క్యాను మీదే లాప్‌టాప్ పెట్టి తెరిచింది.

"నువ్వు యాల వచ్చినావమ్మా ఈడికి?" అన్నాడు సురేంద్ర.

"మీ గీత గూడా గీద్దామని వచ్చినా సార్. ఎగిరే మాదిరి." గుంపు వైపు తిరిగింది. "అమ్మా, ఎవురింట్లోనన్నా టైలరు టేపు ఉండాదా?"

టేపు వచ్చింది. రెడ్డెప్పను గోడకు నిలబెట్టి కొలిచింది. కమలాక్షిని కొలిచింది. ఆమె కొయ్యలా నిలబడింది, ఎందుకని కూడా అడగలేదు. సురేంద్ర వెనక్కి జరిగాడు.

"నన్ను యాల కొలిచేది?"

"నిలబడప్పా," అంది ఆ ముసలమ్మ. "మా పాలు దినామూ కొలస్తాండారు. మేము అరస్తాండామా?"

నిలబడక తప్పలేదు. షారోన్ మూడు అంకెలు కొట్టింది. విండో తెరుచుకుంది. మూడు నిలువు పట్టీలు, అడుగున సున్నా. రెడ్డెప్పది కాస్త పొడవు, కమలాక్షిది మధ్య, సురేంద్రది వాళ్ళకన్నా కాస్త తక్కువ. చూస్తే ముగ్గురూ మనుషుల్లాగే ఉన్నారు.

"బాగుండాదా?" అంది. "ఇప్పుడు ఎగిరిస్తా సూడండి."

కోడ్‌లో ఒక్కచోట సున్నా చెరిపేసి, సురేంద్ర ఎత్తుకు వెంట్రుకవాసి తక్కువ అంకె పెట్టింది. పక్కన అంకెలు తుడిచేసింది. మళ్ళీ బటన్ నొక్కింది. రెడ్డెప్ప పట్టీ విండో కప్పుకు తగిలింది. కమలాక్షి నడిమికి వచ్చింది. సురేంద్ర ఉండాల్సినచోట అడుగున ఒక సన్నటి చార ఉంది. తాగి పారేసిన బీడీ ముక్కలాగా.

గుంపు ముందుకు తోసుకొచ్చింది.

"సారు యాడమ్మా?"

"అదో, అడుగున. చీమ మాదిరి లేదూ?"

"అయ్యో, ఇంత పొట్టోడని తెలీకపాయెనే! బైకు ఎట్టెక్కతాడో!"

"యాల, స్టూలు ఏసుకుంటాడు."

నవ్వులకు ఆవులు తలలు తిప్పి చూశాయి. షారోన్ మాత్రం నవ్వలేదు.

"ఈయన ఇప్పుడే కుంగిపోయినాడా? లేదు. టేపులో ఎంతుండాడో అంతే ఉండాడు. నేను గ్రాఫు అడుగును పైకి లేపి, అంకెలు కనపడకుండా చేసినా. నిన్న టీవీలో కమలాక్షమ్మ పాలకు జరిగింది ఇదే. ఫ్యాట్ పచ్చిగడ్డికి తగ్గేంత తగ్గింది. మీకు కొండ మీద నుంచి పడినట్టు కనపడింది. ఆ గ్రాఫు చేసింది నేను."

ఎర్రమిట్టపల్లె గీతను అడుగున సున్నాతో, పక్కన అంకెలతో మళ్ళీ గీసి చూపించింది. చివర్లో కాస్త వంగిన దారం. అంతే.

"అది మీటింగు కోసరం..." అని సురేంద్ర ఏదో మొదలుపెట్టాడు. కమలాక్షి అతని వైపు చూడను కూడా లేదు. షారోన్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయనకు నోరుండాది, అరిసినాడు. నువ్వు సదువుకున్నదానివి గదా. తెలిసే గీసినావా?"

"తెలిసే గీసినా."

"యాల?"

"ఆయన గీయమన్నాడు. కోపమొచ్చింది. గీసి పారేసినా."

"నీ కోపానికి నా అరుగే దొరికిందా? రేపు ఆయన ఉరెయ్యమంటే, కోపమొచ్చి ఏసేస్తావా?"

"నిన్న ఏసినట్టే గదమ్మా," అంది షారోన్.

నేను ఆమెను అన్నాళ్ళలో ఎన్నడూ అంత చిన్న గొంతుతో వినలేదు. కమలాక్షి అప్పుడు మొదలుపెట్టింది చూడండి. తెలుగు, తమిళం, కన్నడం. షారోన్‌కు తెలుగు తప్ప తక్కిన రెండూ రావు, అయినా అన్నిటికీ తలూపింది. ఎదురు ఒక్క మాట లేదు. లారీ కాయల్ని మాగబెట్టిన మనిషి! చివరికి కమలాక్షి చెయ్యి చాపి అరుగు చూపించింది.

"బోర్లించింది ఆయనైనా, బోర్లించేట్టు చేసింది నువ్వు. నువ్వే ఎత్తు."

లాప్‌టాప్ పక్కన పెట్టి, షారోన్ క్యాన్లను ఒక్కొక్కటే తిప్పి నిలబెట్టింది. సాయానికి పోబోయాను. "నీకు నడుం పట్టేసింది గదరా," అంది, నా వైపు చూడకుండానే.

రెడ్డెప్ప లాక్టోమీటరు గుడ్డ విప్పాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెంబులు ముందుకు చాపారు. ప్రతి చెంబులోంచి పొడుగు గ్లాసులో పాలు వంచి అందులో గొట్టం వదిలాడు. అది తేలింది. మళ్ళీ తేలింది. ఏ ఒక్కదాంట్లోనూ మునగలేదు. "సరే, సరే. పొయ్యండి పాలు," అన్నాడు సురేంద్ర, బైకు తాళం వెతుక్కుంటూ.

"ఉండు సార్," అంది కమలాక్షి. "నన్ను నీళ్ళదాన్ని చేసింది ఈ అరుగు మీద కాదు, ఆ టీవీలో. మళ్ళీ మీటింగులో ఆ టీవీలోనే చెప్పాల. చెప్తానంటేనే పొయ్యనిస్తా."

అతను షారోన్ మీద పడ్డాడు. "ఇదంతా నీవల్లమ్మా! నీ ఉద్యోగం ఉంటాదనుకున్నావా?"

"పీకేయండి సార్. నన్ను పీకేసినా సరే, గ్రాఫులో సున్నా మాత్రం పీకద్దండి."

చెంబులు ఇంకా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. పాలు విరిగితే పుంగనూరులో సమాధానం చెప్పుకోవాల్సింది అతనే. "చెప్తాలే," అన్నాడు. అప్పుడు పోశారు.

షారోన్ ఉద్యోగం పోలేదు. జాలితో కాదు, ఆమె కోడ్‌ను తెరిచి అర్థం చేసుకునే మొనగాడు డెయిరీలో ఇంకొకడు లేక. అర్థం చేసుకోవడం మా పని అన్నవాడు ఏమయ్యాడో మరి. తర్వాతి మీటింగులో అవే గీతలు, అడుగున సున్నాతో, పక్కన అంకెలతో, సమంగా పడుకుని కనబడ్డాయి. కమలాక్షి పాలల్లో నీళ్ళు లేవని సురేంద్ర మైకులో చెప్పాడు. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు చెప్పాడు, కాని చెప్పాడు.

కమలాక్షి లేచింది. "గ్రాఫు భలే ఉండాది సార్. సచ్చినోడి ఇసిజి మాదిరి." ఈసారి అందరూ నవ్వారు. నేనైతే కుర్చీ విరగ్గొట్టాను.

అన్నీ కుదురుకున్నాయని మాత్రం అనుకోకండి. టీవీ రోజు సాయంత్రమే కొన్ని ఇళ్ళు ఇంకో డెయిరీ బండికి మాటిచ్చేశాయి. ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు అరుగు ముందు నుంచి పోతూ తల తిప్పుకుంటారు. వాళ్ళను చూసినప్పుడల్లా కమలాక్షి చెంబు ఠపీమని పెడుతుంది. షారోన్ ఆ ఊరు పోయినప్పుడు మా అందరికీ కాఫీ వస్తుంది, ఆమెకు లోటాతో మంచినీళ్ళు. "పాలిస్తే పలచనంటావేమో, నీళ్ళే తాగు పాపా," అంటుంది కమలాక్షి. షారోన్ ఒక్క గుక్కలో తాగి లోటా కడిగి ఇస్తుంది.

ఇదంతా రాసి, మొన్న మదనపల్లె ఆఫీసులో ఆమెకు చదివి వినిపించాను. ఆవులు వట్టిపోయిన చోట తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఏనుగులు దారిచ్చిన చోటా తిప్పలేదు. అంతా అయ్యాక కుర్చీ ఇటు తిప్పింది.

"ఆవులు ఎప్పటి మాదిరే పాలిచ్చినాయి. నేను గ్రాఫును సున్నా నుంచి మొదలుపెట్టలేదు, అంకెలు తీసేసినా, దాంతో ఒకామె అరుగు మీద క్యాన్లు బోర్లించినారు. జరిగింది అంతే."